ఖరగ్‌పూర్‌లో ద్రాక్షారసానికి పురుడు

ఖరగ్‌పూర్ నుంచి తిరిగొచ్చి మూడు వారాలైంది. అక్కడి ప్లాట్‌ఫారం ఎంత పొడుగు, రసగుల్లా ఎంత అని అడిగేవాళ్ళకు జవాబు చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. వెళ్ళనివాళ్ళ కోసం మొత్తం రాసి పడేస్తే ఒక పని అయిపోతుందనుకున్నాను. ఉన్నదున్నట్టు రాస్తే నా పరువు పోతుంది. దాచి రాస్తే ప్లాట్‌ఫారం తప్ప ఏమీ మిగలదు. పరువు పోతేనే చదవడానికి బాగుంటుందని తేల్చుకుని కూర్చున్నాను.

వైను వచ్చిన వైనం

నేను విశాఖపట్నంలో ఒక హైస్కూల్లో తెలుగు పండితుణ్ణి. అది జీతానికి చేసే పని. జీతం లేకుండా చేసేది ఇంకొకటుంది. మా పేట మద్యపాన నిషేధ ప్రచార సంఘానికి కార్యదర్శిని. ఏటా గాంధీ జయంతి నాడు మైకు ముందు నిలబడి, తాగుబోతు ఇల్లు ఎలా గుల్లవుతుందో ముప్పావుగంట చెబుతాను. ఆడవాళ్ళు కళ్ళొత్తుకుంటారు. అంత కళ్ళకు కట్టినట్టు ఎలా చెబుతావయ్యా అని అందరూ అడుగుతారు. అవన్నీ మా అప్ప ఉత్తరాల్లోవి.

అప్ప అంటే అక్క. మా వైపు అలాగే పిలుస్తాం. అప్పాయమ్మను ఇరవయ్యేళ్ళ కిందట ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా ఉన్న సూర్రావు బావకిచ్చి చేశారు. చేతిలో పనితనం ఉన్నవాడు, మనసు మంచివాడు. జీతాలనాడు మాత్రం ఇంటికి ఎవరో ఒకరు మోసుకొచ్చేవారు. అందుకే ఇన్నేళ్ళలో అప్ప పిల్లలిద్దర్నీ మా అమ్మ దగ్గరే ఉంచింది, నన్ను ఒక్కసారైనా రమ్మనలేదు. మొన్న కార్తీకంలో ఉత్తరం వచ్చింది. "మీ బావ మానేసినాడు. సింహాద్రి అప్పన్న మీద ఒట్టేసినాడు. ఏడు నెలలైనాది. ఇప్పుడు రా తమ్ముడూ, ఇప్పుడైతే నీకు మొకం సూపించగలను" అని. క్రిస్మస్ సెలవులివ్వగానే పెట్టె సర్దుకున్నాను.

బయల్దేరే ముందు రోజు, పోర్టులో పనిచేసే మా పక్కింటి జగ్గారావు ఒక సీసా పట్టుకొచ్చాడు. ఏదో కొండల దేశం నుంచి వచ్చిన ఓడ మనిషి ఇచ్చాడట. ఆ ఓడ కలకత్తా వెళ్ళదు. ఖరగ్‌పూర్ పక్కన హిజ్లీలో కొత్తగా కట్టిన పెద్ద ఇంజనీరింగు విద్యాలయంలో ఆ దేశపు ప్రొఫెసరు ఒకాయన ఉన్నాడు. సీసా ఆయనకు చేరాలి. ఆయన ఆదివారం దాకా కలకత్తాలో ఉంటాడట, మా అప్ప అడ్రసుతో ఓడ మనిషి ఆయనకు తంతి పంపుతాడట.

"ఏమిటిది?" అన్నాను.

"ద్రాక్షారసం మేష్టారూ. ఆళ్ళ సొంత తోటదే. కొండమీద తోటంట. తండ్రి పోయినాక అమ్మేసినారంట. ఇదే ఆకరి కాపు. జాగ్రత్త బాబూ, ఇది పోతే మరి నేదు."

నేను పండితుణ్ణి కదా. చెరకురసం, నిమ్మరసం, ద్రాక్షారసం. రసమంటే రసమే, ఇందులో అడగడానికి ఏముంది? ఓడ మనిషి చెప్పిన జాగ్రత్తలు అయిదూ జగ్గారావు చెబుతుంటే ఒక కాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాను కూడా.

హౌరా మెయిల్లో ఒక పడక

జాగ్రత్తల్లో మొదటిది, సీసాను పడుకోబెట్టే ఉంచాలి. తువాలు చుట్టి బల్ల మీద పడుకోబెట్టి, నేను పెట్టె మీద కూర్చున్నాను. టిక్కెట్టు కలెక్టరు వచ్చి, అది కూర్చునే టిక్కెట్టనీ దాని మీద పడుకోవడం కుదరదనీ అన్నాడు. పడుకున్నది నేను కాదన్నాను. ఎవరైనా సరే అన్నాడు. చివరికి సీసాను నా ఒళ్ళో పడుకోబెట్టుకోవడానికి ఒప్పుకున్నాడు.

ఎదుటి బల్ల మీద ఒక ముసలి పాస్టరుగారు. ఆయనకు మా సంఘం గురించి శ్రీకాకుళం రోడ్డు దాకా చెప్పాను. పాపం, వద్దనకుండా విన్నాడు. పలాసలో జీడిపప్పు కొనుక్కున్నాక ఆయన నా ఒళ్ళో తువాలు తొలిగిన సీసా మీద చీటీ చదివి, "మేష్టారూ, ఇది వైను కదా" అన్నాడు.

"కాదండీ. ద్రాక్షారసం."

"నేనూ అదే అంటున్నాను. మా చర్చిలో వైనుని ద్రాక్షారసమనే అంటాం."

జీడిపప్పు గొంతుకు అడ్డం పడింది. ఆంధ్రదేశంలో మద్యనిషేధం అమల్లో ఉంది. సీసాతో దొరికితే ఉద్యోగం ఊడుతుంది. సంఘం సంగతి సరేసరి. అనుకున్నంతసేపు పట్టలేదు, బుట్టలు వెతుకుతూ ఒక కానిస్టేబులు మా రైలు పెట్టెలోకి ఎక్కాడు. నా ఒళ్ళోని తువాలు మూట చూసి, "ఏటది?" అన్నాడు.

నేను మూట మీదికి పంచె అంచు లాక్కున్నాను. పాస్టరుగారు నింపాదిగా, "బాబూ, వీరు మద్యపాన నిషేధ సంఘం కార్యదర్శిగారు" అన్నాడు. అబద్ధం ఒక్క అక్షరం లేదు.

కానిస్టేబులు మొహం విప్పారింది. "తమరా! ఉపన్యాసం ఇన్నాను బాబూ. మా ఆడది మూడు రోజులు ఏడిసినాది" అని సెల్యూటు కొట్టి దిగిపోయాడు.

ఆ గండం గడిచాక అసలు గండం తట్టింది. ఈ సీసాను నేను ఎవరింటికి పట్టుకెళ్తున్నాను? ఎనిమిది నెలలుగా ఒట్టు మీద నిలబడ్డ మనిషి ఇంటికి! అప్పనిచ్చిన ఇంటికి నేనే కొరివి పెడుతున్నాను. మహానది మీదికి రైలు రాగానే లేచి సీసాను కిటికీ దగ్గరకు తీసుకెళ్ళాను. చువ్వల మధ్య నుంచి పట్టలేదు. నిలువుగా పెట్టి చూశాను, అడ్డంగా పెట్టి చూశాను. మెడ దూరింది, ఒళ్ళు దూరలేదు. ఈలోగా జగ్గారావు అన్న "ఆకరి కాపు" అనే ముక్క గుర్తొచ్చింది. ఒకరి తండ్రి చేతి కాపు నదిలో పారేసే హక్కు నాకెక్కడిది? మళ్ళీ ఒళ్ళో పడుకోబెట్టుకున్నాను.

నడిచేకొద్దీ ప్లాట్‌ఫారం

ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం గురించి విన్నదంతా నిజమే. నేను వెనక పెట్టెలోంచి దిగాను. నడిచాను. టీ తాగాను. మళ్ళీ నడిచాను. ఇంకో టీ తాగాను. బయటపడేసరికి ఆకలేసింది.

రిక్షావాణ్ణి చూసి, నాకున్న నాలుగు హిందీ ముక్కలూ కూడదీసుకుని "క్వార్టర్సు జానా హై" అన్నాను. వాడు బెంగాలీవాడు. "ఏటి బాబూ, మతురకాటి ఎల్తారా, నిమ్‌పురా ఎల్తారా?" అన్నాడు. విజయనగరం సంతలో కూడా అంత స్వచ్ఛమైన మా యాస విని చాలా కాలమైంది. ఇక్కడ తెలుగువాళ్ళు ఎంతమంది ఉన్నారంటే, తెలుగు రానివాడు కూరగాయలమ్ముకోలేడట. మా విశాఖలో ఈ మధ్య బళ్ళో పిల్లలకు చెబుతున్న తెలుగుకంటే వీడిదే నయం.

ఎర్ర ఇటికల క్వార్టరు ముందు అప్ప నిలబడి ఉంది. జుట్టు నెరిసింది కానీ మొహం తేరుకుంది. నన్ను చూసి ఏడవలేదు. అదే మొదటి మార్పు. చోడి అంబలి అని మేం పిలుచుకునే రాగి జావ, ఉలవచారు, బెంగాలీ పద్ధతిలో ఆవనూనె వేసిన బంగాళాదుంప వేపుడు పెట్టింది. ఆవనూనె నాకు ముక్కుకెక్కింది. ఆవిడకు అది లేకపోతే అన్నం దిగదట.

సాయంకాలం వర్క్‌షాపు కూత వినపడింది. కాసేపటికి వీధి నిండా సైకిళ్ళు. సూర్రావు బావ సైకిలు ఆపి, నా వైపు నవ్వాడు గానీ లోపలికి రాలేదు. చెప్పులు విప్పి, గుమ్మం బయటే నిలబడి, అప్ప మొహానికి ఎదురుగా నోరు తెరిచి "హా" అన్నాడు. అప్ప వాసన చూసి తల ఊపింది. అప్పుడు లోపలికొచ్చి నన్ను కౌగిలించుకున్నాడు. ఎనిమిది నెలలుగా ప్రతి సాయంకాలం ఇంతేనట. మొదట్లో చుట్టుపక్కల పిల్లలు చూసి నవ్వేవారట, ఇప్పుడు చూడటం కూడా మానేశారు.  నా పెట్టె పక్కనే తువాల్లో ఆ సీసా పడుకుని ఉంది.

పురిటి గది

ఆ సీసా సంగతి బావ వచ్చేలోపే అప్ప అడిగేసింది. ముందు ఆ ముచ్చటే చెప్పాల్సింది, తిండి గురించి రాస్తూ దాటేశాను.

"ఏట్రా ఆ మూట?"

రైల్లోనే వల్లించుకున్నాను. "హిజ్లీలో ఒక దొరగారి మందప్పా. ద్రాక్షతో చేస్తారు. మన ద్రాక్షారిష్టం లాంటిది. ఆయన కలకత్తా వెళ్ళాడట, ఆదివారానికి గానీ రాడు. అప్పటిదాకా జాగ్రత్తగా ఉంచాలి" అని కాగితం తీసి చదివాను. పడుకోబెట్టే ఉంచాలి. కుదపకూడదు. వెలుతురు తగలకూడదు. ఎండా గాలీ సోకకూడదు. తాగే ముందు మూత తీసి గంటసేపు ఊపిరి పీల్చుకోనివ్వాలి.

అప్ప గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నది. "పడుకోబెట్టాల. కదపకూడదు. సీకట్లో ఉంచాల. ఎండ, గాలి తగలకూడదు. ఒరే, ఇది బాలింతరా!"

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"నవ్వుతావేటి? ఈ లైన్లో ఇరవై మందికి పురుడు పోసినాను. నాకు తెల్దేటి?"

కిటికీ లేని లోపలి గది ఒకటుంది, బియ్యం డబ్బా, బావ బట్టల పెట్టె ఉండే గది. సాయంకాలం బావ స్నానానికి వెళ్ళగానే అందులో నులక మంచం వేసింది. మెత్తటి పాత చీర పరిచి సీసాను పడుకోబెట్టింది. గాలి చొరకుండా మెడకు గుడ్డ చుట్టింది. గుమ్మానికి వేపమండ కట్టి, కింద ఒక పాత చెప్పూ, బావ తెచ్చిన ఇనప బోల్టూ పెట్టింది. కుంపట్లో నిప్పులేసి వాము చల్లబోతుంటే అడ్డం పడ్డాను.

"చల్లగా ఉండాలప్పా!"

"సల్లదనం తగిల్తే సన్ని కొడతాది. బాలింత సంగతి నువ్వు సెప్తావేటి నాకు?"

బతిమాలగా బతిమాలగా కుంపటి గుమ్మం ఇవతల పెట్టడానికి ఒప్పుకుంది. బావ స్నానం చేసి వచ్చాక ఆయనకు చెప్పింది. "ఇదిగో, ఇన్నావా. అది పురిటి గది. ఆదివారం దాకా మైల. మగోడివి, గుమ్మం తొక్కకు."

బావ ఆ తలుపు వైపు ఒకసారి చూశాడు, అప్ప వైపు ఒకసారి చూశాడు. "అలాగే" అన్నాడు. ఆయన చొక్కాలు, గెడ్డం గీసుకునే కత్తి ఆ గదిలోనే ఉండిపోయాయి. నాలుగు రోజులు నా చొక్కాలు తొడుక్కుని డ్యూటీకి వెళ్ళాడు. నేను లావు మనిషిని, ఆయన సన్నం. చొక్కాలో ఇంకొకరికి చోటుండేది.

తాల్‌బగీచా దాకా పాకిన పరామర్శ

మర్నాడు పొద్దున్నే పక్క క్వార్టరు పైడమ్మ వెల్లుల్లి కారం పట్టుకొచ్చింది. "పురిటి గది పెట్టినావంట గదా అప్పాయమ్మా, ఎవులు?" అంది. అప్ప తొణక్కుండా, "మా తమ్ముడు తీసుకొచ్చినాడు. ఓడలో దిగినాది. మన బాస రాదు" అంది. ఒక్క మాటా అబద్ధం కాదు. మా ఇంటి వంశంలోనే ఉంది కాబోలు ఈ విద్య.

మధ్యాహ్నానికి లైనంతా తెలిసిపోయింది. మేష్టారు ఒక దొరసానిని తెచ్చాడట, బాలింతట, చీకటి గదిలో దాచారట. నేను నలభయ్యో ఏట పడబోతున్న బ్రహ్మచారిని. వీధిలోకి వెళ్తే మగవాళ్ళు నా భుజం తట్టడం మొదలెట్టారు. కొందరు తల అడ్డంగా ఊపారు. ఇద్దరు ముసలమ్మలు నన్ను చూసి మెటికలు విరిచారు.

మూడో రోజు ఖర్జూర బెల్లం కొందామని తాల్‌బగీచా వెళ్ళాను. చలికాలంలో ఇక్కడ ఖర్జూరపు చెట్టు నీరు కాచి బెల్లం చేస్తారు. 'నొలెన్ గుడ్' అంటారు. మన తాటిబెల్లం దీని ముందు ముతక బట్ట. కొట్టు దాదా, అంటే అన్నగారు, నన్ను ఎగాదిగా చూసి, "తెలెంగీ మాష్టర్‌మొశాయ్? ఛేలే నా మేయే?" అన్నాడు. తెలుగు మేష్టారు తమరేనా, అబ్బాయా, అమ్మాయా అని. రెండూ కాదన్నాను. ఆయన నొచ్చుకుని, బాలింతకు మంచిదని అచ్చు మీద ఇంకో అచ్చు ఉచితంగా పెట్టాడు. తీసుకోకపోతే కోప్పడ్డాడు.

ఇంటికొచ్చి, "అప్పా, వాళ్ళకు నిజం చెప్పెయ్యి" అన్నాను.

"ఏ నిజం సెప్పమంటావు?" అంది ఆవిడ, బెల్లం వాసన చూస్తూ.

తేలు కుట్టిన దొంగలా లేచి వీధిలోకి వెళ్ళిపోయాను.

ఆ నాలుగు రోజులూ నాకు సుఖం లేదు. బావ డ్యూటీ నుంచి వచ్చి, "హా" అని, కాళ్ళు కడుక్కుని, సరిగ్గా ఆ గుమ్మానికి ఎదురుగా వరండాలో కూర్చునేవాడు. అరచేతులు ఒకదానితో ఒకటి రాసుకుంటూ ఆ వేపమండ వైపే చూసేవాడు. "ఏం బావా?" అంటే, "ఏటీ నేదు. వాము పొగ కళ్ళకి తగిల్తంది" అనేవాడు. పొగ అటు వెళ్ళడం లేదు. గాలి నా వైపు వీస్తోంది. ఆ మనిషి మళ్ళీ తాగితే అది నా చేతులతో తెచ్చిన పాపమేనని నాకు అన్నం సయించలేదు.

ప్రేమ్ బజార్

ఆదివారం పొద్దున హిజ్లీ నుంచి సైకిలు మీద ఒక తెలుగు కుర్రాడు వచ్చాడు. రామ్మోహన్, గుంటూరు వైపువాడు, అక్కడే ఇంజనీరింగు చదువుతున్నాడు. ప్రొఫెసరుగారు వచ్చేశారనీ, రాత్రికి వాళ్ళ పండగనీ, సీసా కోసం ఎదురు చూస్తున్నారనీ చెప్పి ముందు వెళ్ళిపోయాడు.

అప్ప సీసాను పసుపునీళ్ళతో తుడిచింది. మెడకు పసుపు రాసి కుంకుమ పెట్టింది. పాత చీరలో చుట్టింది. నేను చేతులు చాచాను. ఆవిడ నన్ను దాటి వెళ్ళి దాన్ని బావ చేతుల్లో పెట్టింది.

"నువ్వెత్తుకో. ఈడికి సెయ్యి ఒనుకుతాది."

 కాదనడానికి కారణం చెప్పాలి. చెబితే అసలు సంగతి చెప్పాలి. కుడితిలో పడ్డ ఎలుక బతుకయింది. సీసా కుదపకూడదు కాబట్టి దాన్ని ఒళ్ళో పెట్టుకుని బావ వెనక కూర్చున్నాడు, నేను తొక్కాను. చదువుకునే రోజుల తర్వాత సైకిలు తొక్కడం అదే. మైలు దూరం దాకా మమ్మల్ని కుక్కలు తరిమాయి, తర్వాత అవే అలిసిపోయాయి.

విద్యాలయం గేటు ముందరి ప్రేమ్ బజార్ చేరేసరికి నాకు ఊపిరాడలేదు. బావను ఒక టీకొట్టు బెంచీ మీద కూర్చోబెట్టి మరమరాలు కొనడానికి వెళ్ళాను. మరమరాల్లో పచ్చిమిర్చి, ఉల్లిపాయ, శనగలు, ఆవనూనె వేసి డబ్బాలో గిలక్కొట్టి ఠోంగా అనే కాగితప్పొట్లంలో పోసిస్తారు. పదిపైసలకు దోసెడు. రెండు పొట్లాలు చేతికొచ్చాక, బావనూ సీసానూ ఒంటరిగా వదిలి వచ్చానని తట్టింది. పరిగెత్తాను. బెంచీ మీద ఎవరూ లేరు.

ఆ క్షణాన నేను అప్పన్నకు మొక్కని మొక్కు లేదు. కొట్టు చుట్టూ తిరిగి వెనక్కి వెళ్తే, గోడ నీడన బావ చతికిలబడి ఉన్నాడు. సీసా ఒళ్ళో అడ్డంగా ఉంది. దాని మీద తన తువాలు కప్పి ఉంది. చీర ముడి విప్పలేదు.

"బెంచీ మీదికి ఎండొచ్చీసినాది. ఎండ తగలకూడదన్నావు గదా" అన్నాడు.

నేను పక్కన కూలబడ్డాను. "బావా, అందులో ఉన్నది..."

"తెలుసులే బామ్మర్దీ."

"ఎప్పటి నుంచి?"

"నువ్వొచ్చిన సాయంత్రమే. నీ పెట్టె పక్కన దాన్ని పడుకోబెట్టి తువాలు సద్దినావు సూడు. మందు సీసాని ఎవుడైనా అలగ సూసుకుంటాడేటి? అలగ సూసుకునేది ఒక్కదాన్నే. నాను ఇరవయ్యేళ్ళు సూసుకున్నాను." మరమరాలు నోట్లో వేసుకుని కాసేపు నమిలాడు. "మీ అప్పకే తెల్దు పాపం. మందే అనుకుంటంది. ఆ పిచ్చిది దానికి వాము పొగేస్తంటే, మెడకి గుడ్డ సుడతంటే, ఆ గుమ్మం దాటి నాను ఎలగ ఎల్తాను? దాటితే మరి మనిషినేనా? నాలుగు రోజులు సేతులు నలిపీసుకున్నాను. నువ్వు మాత్రం ఆవిడికి సెప్పకు. సెప్తే బెంగెట్టుకుంటాది."

చెప్పనని మాటిచ్చాను.

హిజ్లీ

ఒకప్పుడు స్వాతంత్య్రం అడిగినవాళ్ళను బంధించిన జైలు ఇది. ఇప్పుడు చుట్టూ హాస్టళ్ళు, ప్రొఫెసర్ల ఇళ్ళు, ఎటు చూసినా సైకిళ్ళు. మా ప్రొఫెసరుగారు తెల్లటి కనుబొమ్మలున్న పొడుగాటి మనిషి. చీర విప్పి, పసుపు కుంకుమలతో, వాము వాసనతో ఉన్న తన తండ్రి సీసాను ముక్కు దగ్గరకు తెచ్చుకుని, రామ్మోహన్ వైపు తిరిగాడు. అది మా ఆచారమని రామ్మోహన్ చెప్పాడు. ఏ ఆచారమో అతనికీ తెలియదు.

మూత తీశాక గంటసేపు ఊపిరి పీల్చుకోనివ్వాలి కదా. ఆ గంటసేపూ మేం నలుగురం కుర్చీల్లో చేతులు కట్టుకుని, ఒక సీసా ఊపిరి పీలుస్తుంటే చూస్తూ కూర్చున్నాం. ఆయన చెబుతుంటే రామ్మోహన్ తెలుగు చేశాడు. ఆ కొండ గోడలా నిట్టనిలువుగా ఉంటుందట. నడుముకు తాడు కట్టుకుని పళ్ళు కోస్తారట. ఏటా వానలకు తోటలో మట్టి కిందికి జారిపోతుందట. చలికాలం పొడుగునా వాళ్ళ నాన్న ఆ మట్టిని బుట్టలకెత్తి, వీపున మోసుకుని మళ్ళీ పైకి చేర్చేవాడట. ఏటా అంతే, బతికున్నన్నాళ్ళూ.

"జారిపోయింది రోజూ మళ్ళీ పైకి మొయ్యాలన్నమాట" అన్నాడు బావ. తర్వాత చాలాసేపు తల ఊపుతూనే ఉన్నాడు.

ప్రొఫెసరుగారు నాలుగు గ్లాసుల్లో పోశాడు. నేరేడుపండు చిదిమితే కారే రంగు. ఆయన ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుని, "ఎలిగెంట్" అన్నాడు.

"అంటే ఏటి?" అన్నాడు బావ. రామ్మోహన్ నా వైపు చూశాడు. నేను పండితుణ్ణి కదా. సొగసైనది, నాజూకైనది అని చెప్పాను. బట్టల గురించి వాడే మాట తాగేదాని గురించి ఎలా వాడతారో నాకూ అంతుబట్టలేదు.

బావ గ్లాసు ఎత్తాడు. పెదవుల దాకా తెచ్చాడు.  నేను కుర్చీ చేతులు పట్టుకున్నాను. ఆయన కళ్ళు మూసుకుని ఒకసారి నిండుగా వాసన పీల్చాడు. కళ్ళు తెరిచి గ్లాసును నెమ్మదిగా బల్ల మీద పెట్టేశాడు.

"ఇది అరవదు" అన్నాడు. "మా సారా అరుస్తాది. నాను గొప్పోణ్ణి, నాను గొప్పోణ్ణి అని. ఇది దాని పాటికది కూకుంటాది. వాసన సాలు దొరా. మరొద్దు."

రామ్మోహన్ ఆ మాట, నేను అందించిన ఎనిమిది నెలల ఒట్టు మాట, రెండూ ఆయనకు చెప్పాడు. ప్రొఫెసరుగారు లేచి, బావ పెట్టేసిన గ్లాసు తీసుకుని, ఆయనకు తల వంచి, తానే తాగాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇందులో సిగ్గుపడేదేమీ లేదు.

రామ్మోహన్ గ్లాసు అప్పటికే ఖాళీ. ఇక మిగిలింది నా గ్లాసు. చదివేవారు ఆలోచించాలి. అది పోయిన తండ్రి చేతి ఆఖరి కాపు. ఒక రకంగా తద్దినం. తద్దినపు విస్తరి ముందు నుంచి తినకుండా లేవకూడదని శాస్త్రం. తాగాను. తియ్యగా లేదు, ఘాటుగా లేదు. నేరేడుపండు తిన్నట్టు నాలుక పీక్కుపోయింది. తర్వాత వానకు తడిసిన రాయి వాసనేదో గొంతులో నిలిచింది. ఆయన రెండోసారి పోశాడు. అప్పుడు శాస్త్రం గుర్తు రాలేదు.

గుమ్మం ముందు

తిరుగుదారిలో బావ తొక్కాడు. నేను వెనక కూర్చుని, మద్యపాన నిషేధం మీద కొత్త విషయాలు తోస్తున్నాయని ఆయనకు చెబుతూ వచ్చాను. ఆయన ఒక్కటే అన్నాడు, "అప్పకి సెప్పనులే" అని.

అప్ప గుమ్మంలో నిలబడి ఉంది. బావ చెప్పులు విప్పి "హా" అన్నాడు. ఆవిడ చాలాసేపు వాసన చూసింది. ఎన్నడూ లేనంతసేపు. తల ఊపింది. నేను పక్కనుంచి లోపలికి జారబోయాను.

"ఒరే, నువ్వాగు. హా అను."

"నేనా? అప్పా, నేను సంఘం..."

"అను."

అన్నాను. ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసింది. గడప మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వింది. చెప్పేవి శ్రీరంగనీతులు అన్న సామెత నా కోసమే పుట్టిందని ఆ గుమ్మం ముందు తెలిసింది. పక్క క్వార్టరు పైడమ్మ వచ్చి దొరసాని ఏదని అడిగింది. పుట్టింటికి పంపించేశామని బావ చెప్పాడు.

తిరుగు రైలు

సోమవారం సాయంకాలం రైలు. బావకు డ్యూటీ. కూత వేశాక నేరుగా స్టేషనుకే వస్తానన్నాడు. ఆ పొడుగాటి ప్లాట్‌ఫారం మీద నేనూ అప్పా నడిచి నడిచి ఒక బెంచీ మీద కూర్చున్నాం. నా బుట్టలో బెల్లం అచ్చులు సర్దుతూ అప్ప అంది.

"ఒరే, సీసాలో సరుకేటో తెలకుండానే ఇరవయ్యేళ్ళు కాపరం సేసినాననుకున్నావేటి?"

నేను నోరు తెరిచాను.

"నువ్వు కాయితం సదవక ముందే తెలిసినాది. ఇంట్లో ఎక్కడ దాస్తాను? తాళమేస్తే బద్దలుగొడతాడు. ఇది వరకు గొట్టినాడు. బియ్యంలో దాసినా తీసీసినాడు. కానీ ఎంత తాగినా మీ బావ మైల దాటడురా. నా రెండు పురుళ్ళకీ ఈదిలోనే పడుకున్నాడు గానీ గుమ్మం తొక్కనేదు. అందుకే బాలింతన్నాను."

"మరి నిన్న నువ్వే ఆయన చేతిలో..."

"నాలుగు రోజులు నాను కాసినాను. ఎల్లకాలం నానే కాస్తానేటి? అయిదో రోజు ఆడు కాసుకోవాలి గదా అని ఇచ్చీసినాను. ఇచ్చినాను గానీ, మీరొచ్చిందాకా నా పానం పానంలో నేదు." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆడికి సెప్పకు. నాకు తెల్దనే అనుకోనీ. తెలిసి ఇచ్చినానంటే మళ్ళీ బయపడతాడు."

చెప్పనని మాటిచ్చాను. ఒకే సీసా మీద రెండు మాటలిచ్చి, ఇద్దరి మధ్య నేనొక్కణ్ణే వెర్రివాణ్ణయ్యాను. ఈ రాత ఖరగ్‌పూర్ మాత్రం పంపను. మీరెవరైనా అటు వెళ్తే ఈ కాగితం వెంట పట్టుకెళ్ళకండి.

రైలు వచ్చింది. ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నాను. అంత పొడుగు ప్లాట్‌ఫారం చివరి నుంచి బావ సైకిలు నడిపించుకుంటూ పరిగెత్తుకొచ్చాడు, చేతులకు ఇంకా నూనె మరకలే. నా వైపు చెయ్యి ఊపాడు. తర్వాత అలవాటు చొప్పున అప్పకు ఎదురుగా నిలబడి, చెప్పులు విప్పి, నోరు తెరిచాడు.

"అక్కర్నేదు" అంది అప్ప.

బావకు అర్థం కాలేదు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. అప్ప తన కొంగుతో ఆయన మొహం మీద నూనె తుడిచి, "అక్కర్నేదంటన్నాను గదా. సెప్పులేసుకో, కాళ్ళు కాలతాయి" అంది.

డిసెంబరు సాయంకాలం, ప్లాట్‌ఫారం మంచులా ఉంది. రైలు కదిలింది. ఆ ప్లాట్‌ఫారం పొడుగు కావడం వల్ల వాళ్ళిద్దరూ నాకు చాలాసేపు కనిపించారు. అంతసేపూ బావ నోరు మూయలేదు, చెప్పులూ వేసుకోలేదు.